ఆ టోపీ ఎవరిది? చరిత్ర సినిమా, మన బాధ్యత

మనుషులను వేటాడిన కాలాన్ని తెరకెక్కించేవాళ్లు పరాయివాడి క్రౌర్యంతో పాటు దానికి చేయూతనిచ్చిన మనవాణ్ణీ చూపించి తీరాలి. ఈ స్మారకోపన్యాసంలో నా వాదన అదే. ఫ్రాన్స్‌లో అలైన్ రెనే నాజీ శిబిరాల మీద తీసిన ‘నైట్ అండ్ ఫాగ్’ సినిమా 1956లో వచ్చింది. అందులో ఫ్రాన్స్‌లోని ఒక నిర్బంధ శిబిరానికి కాపలా కాస్తున్న ఒక మనిషి ఫొటో ఉంది. అతని నెత్తిన ఉన్నది ఫ్రెంచి పోలీసు టోపీ. సెన్సారువాళ్లు అది కనబడకూడదని పట్టుబట్టారు, చివరికి దాన్ని కప్పేయాల్సి వచ్చింది. ఆ దాపరికం వెనక ఉన్న చరిత్ర ఇది: 1942 జులై 16, 17 తేదీల్లో పారిస్‌లో 13,152 మంది యూదులను పట్టుకుపోయారు. వారిలో నాలుగు వేల మందికి పైగా పిల్లలే. వారిని అప్పగించాలని పట్టుబట్టింది జర్మన్లు, తలుపులు కొట్టి లాక్కుపోయింది మాత్రం ఫ్రెంచి పోలీసులు. ఆ నేరంలో తమ రాజ్యానికీ పాలు ఉందని దేశాధ్యక్షుడు షిరాక్ ఒప్పుకున్నది 1995లో. 2010లో ఆ ఘటన మీదే ‘లా రాఫ్ల్’ సినిమా వచ్చేనాటికి ఆ పోలీసులను తెర మీద దాచాల్సిన పని లేకపోయింది.

ఇక మన సంగతి, నిజాం ఏలుబడిలోని తెలంగాణ సంగతి. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లి మీద నిజాంకు కొమ్ముకాసిన సాయుధ దళం రజాకార్లు, నిజాం బలగాలు పడి ఊరివాళ్లను కాల్చి చంపారు. ఆ ఊరి బురుజు ఇంకా నిలిచే ఉంది. ఆ నేరానికి సమర్థన లేదు. అయితే 1946 జులై 4న కడవెండిలో దొరపై తిరగబడ్డ దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు. గడీలో కూర్చుని ఊరిని పీడించిన ఆ దొర హిందువే. రజాకార్లను ఎదిరించి రాసి, 1948 ఆగస్టులో ప్రాణం పోగొట్టుకున్న ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిం. హైదరాబాద్ సంస్థానంలోకి భారత సైన్యం దిగిన పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీయే అంచనా వేసింది. ఇవన్నీ ఒకే చరిత్ర. గౌతం ఘోష్ సినిమా ‘మా భూమి’ నాకు గొప్పగా కనిపించేది ఇందుకే. సైన్యం రాగానే కథ సుఖాంతం కాదు, పారిపోయిన దొర సైన్యం అండతో మళ్లీ ఊళ్లో దిగుతాడు.

యూదుల మారణహోమాన్ని మన గొడవతో పోల్చడమేమిటని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. నేను బాధలను తూచడం లేదు. ఒక జాతినే లేకుండా చేయాలని పూనుకున్న ఆ ఘోరం వేరు. పోల్చుతున్నది తీసేవాడి బాధ్యతను. మనవాళ్ల తప్పులు చూపిస్తే బాధితుల గోడు పలచబడుతుందన్నది ఇంకో ఆక్షేపణ. కొమరయ్యను చంపింది ఎవరో తెలిసినంత మాత్రాన భైరాన్‌పల్లి తల్లుల శోకం తరిగిపోదు. రెండున్నర గంటల్లో అన్నీ ఎలా ఇముడుతాయంటారా? రెనే సినిమా నిడివి అరగంట. ఆ టోపీ కనిపించడానికి పట్టేది కొన్ని క్షణాలే.

రామోజీ ఫిల్మ్ సిటీలో రేపు ఎవరైనా 1948 నాటి పల్లె సెట్టు వేయవచ్చు. వాళ్లను నేను కోరేది ఇంతే: రజాకారును చూపండి, గడీలోని దొరనూ చూపండి, షోయబుల్లాఖాన్‌కూ తెర మీద చోటివ్వండి.