అధికారి లేని వేళ
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



పిల్లలను బడిలో చేర్పించునపుడు మీలో పలువురు నన్నడుగునది యొక్కటే: "అయ్యా, మావాడు పెద్ద అధికారి కాగలడా?" మంచి సహాయకుడు కాగలడా అని ఇంతవరకు ఎవ్వరును అడుగలేదు. అందుచేత నేడొక సహాయకుని గూర్చి చెప్పదలచితిని.

మన చెన్నపట్టణమున, నుంగంబాకములో, 1792లో ఈస్టిండియా కంపెనీవారు ఖగోళ వేధశాల నిర్మించిరి. అచ్చటి యంత్రమును మోసిన రాతిస్తంభము నేటికిని వాతావరణ కార్యాలయపు ఆవరణలో నున్నది. దానిపై తమిళముతోపాటు మన తెలుగు అక్షరములును చెక్కబడియున్నవి. (మన పిల్లలలో ఎందరు చూచినారో!)

దొర లేనప్పుడు శాలను మరియొకరు నడుపుట అచ్చట క్రొత్త గాదు. 1805లో గోల్డింగ్‌హామ్ దొర సెలవుపై వెళ్ళగా వారెన్ అను సైనికోద్యోగి ఆ బాధ్యత వహించెను. తరువాతి కాలమున పాగ్సన్ ప్రధానాధికారి. నక్షత్రకాంతికి 1856లో కొలమానమును కల్పించిన మేధావి ఆయనయే. ఆయనకు మొదటి సహాయకులు చింతామణి రఘునాథాచార్యులు.

ఆ పని యెట్టిదందురా? దూరదర్శినిలోని సన్నని తీగలను నక్షత్రము దాటు క్షణమును, గడియారపు చప్పుడు చెవినిడి వినుచు, సెకనులోని భాగముతో సహా వ్రాసికొనవలెను. కునుకుపట్టి, ఊహించి ఒక అంకె వేసినచో తెల్లవారిన పిమ్మట పట్టుకొనగలవారెవ్వరు? ఆ తప్పు నక్షత్రపట్టికలో స్థిరపడిపోవును. అర్ధరాత్రి, ఏ అధికారియు ప్రక్కన లేనివేళ, వేలకొలది పర్యాయములు ఆచార్యులు ఈ పని చేసిరి. ఒక నక్షత్రకాంతి హెచ్చుచు తగ్గుచుండుటను 1867లో వారే కనిపెట్టిరి. దానికి 'ఆర్ రెటిక్యులై' అని పేరు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము. పాగ్సన్ మచిలీపట్నము వెళ్ళెను. ఆచార్యులు వేరొక బృందమునకు నాయకులై వనపర్తి చేరిరి. సూర్యబింబము పూర్తిగా మరుగుపడియుండునది కొద్ది నిమిషములే. యంత్రము మొరాయించినను, సందేహము కలిగినను అడుగుటకు దొరగారు చెంత లేరు. ఆ నిర్ణయములన్నియు సహాయకునివే.

1872లో లండనులోని రాయల్ ఖగోళ సంఘము వారిని సభ్యునిగా చేర్చుకొనెను. 1874 నాటి శుక్రసంక్రమణమును సామాన్యులకు తెలియజేయుటకై ఆయన చిన్న పుస్తకము వ్రాసి, ఇంగ్లీషుతోపాటు దేశభాషలలోను ప్రకటించిరి. గురువైన నాకు ఇందులో మిక్కిలి నచ్చినది ఇదియే.

1880లో కాలధర్మము నొందిరి. ప్రధానాధికారి పదవి వారికేనాడును లభింపలేదు. వారు కనిపెట్టిన నక్షత్రము నేటికిని పట్టికలలో నున్నది.