మార్పు చేప పిల్లల పెంపకం



మార్పు చేప అందరికీ తెలిసినదే. మీసాలుంటాయి, పొలుసులుండవు. వానాకాలంలో గుడ్లు పెడుతుంది. హేచరీలో ఆడ చేపకు సూదిమందు వేసి, పొట్ట నొక్కి గుడ్లు తీస్తారు. సుమారు ఒక రోజులో గుడ్లు పొదుగుతాయి.

పుట్టిన పిల్ల పొట్ట కింద సొన సంచి ఉంటుంది. 3, 4 రోజులు అదే దాని తిండి. అది కరిగాక మేత వేయాలి. పిల్ల నోరు చిన్నది. నీళ్లలోని సన్నని పురుగులే దాని మేత. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు వేయాలి. మిగిలిన మేత కుళ్లితే నీళ్లు పాడవుతాయి. పిల్లలు చచ్చిపోతాయి.

పెద్ద మార్పు పైకొచ్చి గాలి పీలుస్తుంది. పసిపిల్ల పీల్చలేదు. సుమారు 10 రోజులు దాటాకే దానికి ఆ శక్తి వస్తుంది. అంతవరకు మంచి నీళ్లు పారుతూ ఉండాలి. ఆ తర్వాత కూడా నీళ్ల లోతు తక్కువుండాలి. పిల్ల పైకి రావాలి కదా!

ఆకలేస్తే పెద్ద పిల్ల చిన్నదాన్ని తింటుంది. అందుకే పెద్దవాటిని, చిన్నవాటిని వేరు చేయాలి.

పిల్లల్ని కొనేటప్పుడు "ఇవి నాటు మార్పులేనా?" అని అడగండి. ఆఫ్రికా మార్పు పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించింది. అది చెరువులోకి చేరితే మన చేపల్ని తినేస్తుంది.

అడిగి కొనండి. చూసి పెంచండి.