సెగ్గడ్డలో వెంట్రుక

తిరుచానూరు నుంచి తిరుపతి కాలేజీలకు పోయే ఇంటర్ పిల్లలు పొద్దున బెంచీ ఎక్కితే స్టడీ అవర్ అయ్యేదాకా దిగరు. ఆ వయసులోనే కొందరికి నడుము కింద, పిరుదుల చీలిక మొదట్లో సెగ్గడ్డ లేస్తుంది. చీము బట్టలకంటుతుంది. చోటు అలాంటిది, అమ్మకైనా చెప్పరు. డాక్టర్లు దీన్ని పైలోనైడల్ సైనస్ అంటారు.

ఈ పుండులో వెంట్రుకలుంటాయని 1833లోనే ఇంగ్లండులో హెర్బర్ట్ మేయో రాశాడు. 1880లో బోస్టన్ సర్జన్ హాడ్జెస్ దీనికి పైలోనైడల్ అన్న పేరు పెట్టాడు. తర్వాత చాలాకాలం ఇది పుట్టుకతో వచ్చిన లోపమనే నమ్మారు. అందుకే లోతుగా, వెడల్పుగా కోసేసేవారు. గాయం మానడానికి నెలలు పట్టేది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు సుమారు 79 వేల మంది దీనితో ఆసుపత్రి పాలయ్యారు. జీపుల కుదుపుల వల్లనని 1944లో డాక్టర్ బ్యూయీ దీనికి 'జీపు జబ్బు' అని పేరు తగిలించాడు.

పుట్టుకతోనే వస్తుందన్న ఆ నమ్మకాన్ని కదిలించింది ఒక క్షురకుడి చెయ్యి. వెంట్రుక బయటి నుంచే చర్మంలోకి దూరుతుందని లండన్‌లో పేటీ, స్కార్ఫ్ 1946లో వాదించారు. రెండేళ్లకు క్షురకుడి వేళ్ల సందులో అదే జబ్బును చూపించారు. అక్కడ గుచ్చుకునేది ఇతరుల జుట్టు. అది పుట్టుకతో ఎలా వస్తుంది? తిరుమలలో తలనీలాలు తీసే కల్యాణకట్ట ఎరిగిన మనకు ఈ తర్కం ఇట్టే ఎక్కుతుంది.

కారణం తెలిశాక కోత తీరు మారింది. గ్రీకు సైనిక సర్జన్ కరిడాకిస్ కుట్టును చీలిక నడుమ నుంచి పక్కకు జరిపాడు. 1980లో అమెరికాలో బాస్కమ్ చిన్న రంధ్రాల వరకే తీస్తే చాలన్నాడు. ఇప్పుడు లేజరుతో వెంట్రుకలు తీయడమూ తోడయింది.

నాకు వీటన్నిటికన్నా పెద్ద మలుపనిపించేది వేరే ఉంది. పుండు మానిందా అని అడిగినవాళ్లే గాని, పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగినవాళ్లు తక్కువ. చర్మవ్యాధులున్న పిల్లల కోసం 1995లో కార్డిఫ్ వైద్యులు పది ప్రశ్నల పట్టిక తయారుచేశారు. సిగ్గుగా ఉందా? నిద్ర పడుతోందా? బడికి, ఆటలకు అడ్డమయిందా? స్నేహితులు ఏడిపించారా? దాన్నే ఇప్పుడు ఈ జబ్బున్న పిల్లలకూ వాడుతున్నారు. కాబట్టి తిరుపతి రుయా ఆసుపత్రిలో సర్జరీ ఓపీకి అబ్బాయిని తీసుకెళ్లినప్పుడు కుట్లెప్పుడు విప్పుతారన్నదొక్కటే కాదు, బెంచీ మీద ఎన్నాళ్లకు కూర్చోవచ్చో, ఆటకు ఎప్పుడు పోవచ్చో కూడా అడగండి. ఆ మాట అబ్బాయి చేతే అడిగిస్తే మరీ మంచిది.