ముందు డబ్బాలు కొనకండి! ఇల్లు, ఆఫీసు సర్దుకోవడం ఎలా?

ఈరోజు ఎపిసోడ్‌లో ఇల్లు సర్దుకోవడం, ఆఫీసులో మన లాప్‌టాప్ సర్దుకోవడం గురించి మాట్లాడుకుందాం. "ఇది కూడా ఒక టాపిక్కేనా బ్రో?" అనుకుంటున్నారు కదా? రెండేళ్ల క్రితం వరకు నేనూ అలాగే అనుకునేవాడిని.

ఒకరోజు రాత్రి పదకొండింటికి నాన్నకి ఛాతీలో నొప్పి వచ్చింది. అమ్మా నేనూ హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. డాక్టర్లు చూడటం మొదలుపెట్టారు, కౌంటర్‌లో ఇన్సూరెన్స్ కార్డు, పాత రిపోర్టులు అడిగారు. నేను బైక్ మీద ఇంటికొచ్చి వెతకడం మొదలుపెట్టా. బీరువా, టీవీ కింద సొరుగు, పరుపు కింద, అటక మీద కవర్లు... గంటన్నర! చివరికి కరెంటు బిల్లులు, పెళ్లి శుభలేఖల మధ్య ఒక స్వీట్ బాక్సులో దొరికాయి. దేవుడి దయ వల్ల అది గ్యాస్ నొప్పి అని తేలింది. కానీ ఆ గంటన్నరలో నేను పడ్డ టెన్షన్ మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

మర్నాడే నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? ఆన్‌లైన్‌లో పన్నెండు ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బాలు ఆర్డర్ పెట్టా. అక్కడే మొదటి తప్పు చేశా. ఉన్న చెత్తంతా డబ్బాల్లోకి వెళ్లింది, అంతే. ఇంట్లో చెత్తతో పాటు ఇంకో పన్నెండు వస్తువులు పెరిగాయి.

జపాన్ ఫ్యాక్టరీల్లో 5ఎస్ అని ఒక పద్ధతి ఉంది. సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే. అంటే అక్కర్లేనివి ఏరి తీసేయడం, మిగిలినవాటికి చోటు కేటాయించడం, శుభ్రం చేయడం, అందరూ ఒకే పద్ధతి పాటించడం, దాన్ని అలవాటుగా నిలుపుకోవడం. ఇక్కడ వరస ముఖ్యం ఫ్రెండ్స్. ముందు ఏరాలి, తర్వాతే సర్దాలి. మనం తిరగేసి చేస్తాం కాబట్టే ఆదివారం సర్దిన ఇల్లు బుధవారానికి మళ్లీ మొదటికొస్తుంది.

ఇది తెలిశాక నాకు ఆవేశం వచ్చింది. అమ్మ ఖమ్మంలో పెళ్లికి వెళ్లిన శనివారం చూసి ఇల్లంతా ఖాళీ చేశా. పాత పేపర్లు కొనే అతన్ని పిలిచి పద్నాలుగు కేజీలు వేసేశా. అమ్మ వచ్చి ఇల్లు చూసి సంతోషపడింది. తర్వాత వంటింట్లోంచి అడిగింది, "ఒరేయ్, ఇక్కడ నల్ల అట్ట నోట్‌బుక్ ఉండాలి కదరా?" అని.

అది పాత పాల లెక్కల పుస్తకం అనుకున్నా నేను. లెక్కలు ముందు పేజీల్లోనే ఉన్నాయట. వెనక పేజీల్లో మా అమ్మమ్మ చెప్పిన పచ్చళ్ల కొలతలు అమ్మ రాసుకుంది. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ పేపర్లతన్ని వెతుక్కుంటూ కూకట్‌పల్లి అంతా తిరిగా, దొరకలేదు. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ వేసవిలో ఆవకాయ గుర్తున్నంత వరకు అందాజుగా కలిపింది. ఉప్పు కాస్త ఎక్కువైంది. నాన్న, నేను బాగుందనే తిన్నాం.

మేరీ కొండో పేరు వినే ఉంటారు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ఆవిడ షో వచ్చింది. ఆవిడ రెండు విషయాలు గట్టిగా చెప్తారు. ఇంట్లోవాళ్ల వస్తువులు వాళ్లని అడక్కుండా పారేయొద్దు. బట్టలతో మొదలుపెట్టండి, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాన్లు. జ్ఞాపకాలతో ముడిపడినవి అన్నిటికన్నా చివర. నేను ఈ రెండూ ముందే విని ఉంటే ఆ నోట్‌బుక్ ఇంట్లోనే ఉండేది.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెప్తా.

ఒకటి, ఎవరి వస్తువు మీద నిర్ణయం వాళ్లదే. నేను నా అలమరా వరకే. నాది ఖాళీ అవ్వడం చూసి నాన్న ఆయనంతట ఆయనే పాత చెక్కుబుక్కులు తీశారు.

రెండు, ఎమర్జెన్సీ ఫైల్. ఎర్ర రంగు ఫైల్ ఒకటి, బీరువా పై అరలో ఉంటుంది. ఇన్సూరెన్స్, మెడికల్ రిపోర్టులు, మందుల చీటీలు అందులోనే. ఆధార్, లైసెన్స్ లాంటివి డిజిలాకర్‌లో కూడా పెట్టాం. ఆ సర్వీస్ 2015 నుంచి ఉంది, వాడుకోండి.

మూడు, "ఆలోచిద్దాం" డబ్బా. తేల్చుకోలేని వస్తువులు అందులో వేసి తేదీ రాస్తాం. ఆరు నెలల్లో ఎవరూ తీయకపోతే అందరం కలిసి కూర్చుని ఇచ్చేస్తాం. భోగి మంటలో పాత చెక్క వేసుకోవడం మనకి అలవాటే, కానీ ప్లాస్టిక్, వైర్లు అందులో వేయకండి, ఆ పొగ విషం. పాత ఫోన్లు డేటా తీసేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి.

ఇక ఆఫీసు. నేను ఉద్యోగం చేసేటప్పుడు నా డెస్క్‌టాప్ మీద "ఫైనల్", "ఫైనల్ 2", "లేటెస్ట్ ఫైనల్" అని మూడు ఫైళ్లు ఉండేవి. ఒకసారి క్లయింట్‌కి తప్పుది పంపేశా. టీమ్ మొత్తం శనివారం కూర్చుని సరిచేసింది. అప్పటినుంచి ఫైల్ పేరు ముందు తేదీ పెడతా. సంవత్సరం, నెల, రోజు, ఆ వరసలోనే. 2024-03-15 అని పెడితే పేర్ల వరసలో ఫైళ్లు వాటంతట అవే పాతవి ముందు, కొత్తవి తర్వాత సర్దుకుంటాయి. శుక్రవారం సాయంత్రం పదిహేను నిమిషాలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయడానికి పెట్టుకోండి. సోమవారం లాప్‌టాప్ తెరిచినప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

ఈ వీడియో అయిపోగానే ఒక్క పని చేయండి. ఇంట్లో ఇన్సూరెన్స్ కాగితం ఎక్కడుందో వెళ్లి చూడండి, స్టాప్‌వాచ్ పెట్టుకుని. ఎన్ని నిమిషాలు పట్టిందో కామెంట్‌లో చెప్పండి. ఇంకోటి, మీ అమ్మగారి దగ్గర అలాంటి నోట్‌బుక్ ఉంటే ఈరోజే ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. మా అమ్మ ఇప్పుడు కొత్తది రాస్తోంది, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు. రాసిన ప్రతి పేజీ నేను ఆ రాత్రే స్కాన్ చేస్తున్నా.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే!