కోపం వెనుక దాగిన బాల్యం



వానలు మొగం చాటు చేసిన ఏట ఆదోని, కోసిగి ప్రాంతాల పల్లెలు సగం ఖాళీ అవుతవి. తల్లిదండ్రులు సుగ్గికని గుంటూరు సీమ మిరప చేలకు తరలిపోగా, పిల్లలు అవ్వాతాతల పంచన మిగులుతారు. రాయచోటి, రాజంపేట వైపున తల్లి కువైట్‌లో ఇతరుల బిడ్డలను లాలించుచుండగా, ఆమె బిడ్డ ఇచ్చట ఫోనులో వినవచ్చే కంఠంతోనే తృప్తి పడవలెను. ఆకలి తెచ్చిన ఈ ఎడబాటునకు వారిని నిందించరాదు. కాని ఆ బిడ్డ మనస్సులో ఏమి జరుగుచున్నదో విచారించుట మన విధి.

కొందరు యువతీయువకులను చూడండి. ఉదయం ప్రాణసమానమైన స్నేహం సాయంకాలానికి వైరమవుతుంది. పిలుపునకు బదులు ఆలస్యమైతే తమను విడిచిపెట్టినారని తల్లడిల్లుతారు. కోపం భగ్గున లేచి, అంతలోనే పశ్చాత్తాపమవుతుంది. లోపల ఏదో శూన్యం. ఆ వేదన భరింపలేక కొందరు తమ్ము తామే గాయపరచుకొంటారు. మనం దీనిని పొగరంటాము, నటన అంటాము, గాలి సోకినదని తాయెత్తు కట్టిస్తాము.

వైద్యులు దీనిని బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే అమెరికా వైద్యుడు ఇట్టివారిని సాధారణ మనోవ్యాకులతకు, ఉన్మాదానికి నడుమ సరిహద్దున నిలిచినవారుగా వర్ణించినాడు. ఆ పేరే నిలిచినది.

దీనికి ఒకే కారణం లేదు. పుట్టుకతో వచ్చిన సున్నిత స్వభావం ఒక పాలు. బాల్యంలో తగిలిన దెబ్బలు, లైంగిక హింస, నిరాదరణ మరొక పాలు. ఎడబాటు అనుభవించిన ప్రతి బిడ్డకూ ఇది రాదు. ఇది వచ్చిన ప్రతివారూ హింసకు గురి అయినవారు కారు. అయితే, భయపడి ఏడ్చిన బిడ్డను "నోరు మూయి" అని గదమాయించినారా, "ఇట్ల రా నాయనా, ఏమైంది?" అని దగ్గరకు తీసినారా అనుదానికి విలువ ఎక్కువ. తన బాధ అబద్ధమని పదేపదే విన్న బిడ్డ తన మనస్సును తానే నమ్మలేదు. ముఠాకక్షలకు తండ్రి బలి అయిన ఇంట పగను గుర్తుచేసేవారుంటారు గాని, బిడ్డను తనివితీర ఏడువనిచ్చేవారు అరుదు.

ఇది తీరని శాపం కాదు. అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ ఉద్రేకాన్ని అదుపు చేసుకొను నేర్పులను అభ్యాసంతో అలవరచు చికిత్సను రూపొందించి, 1993లో గ్రంథంగా వెలువరించినది. యౌవనంలో తానూ ఇట్టి వేదనతో ఆస్పత్రిలో గడిపినట్లు 2011లో ఆమెయే వెల్లడించినది. తగిన చికిత్సతో, కాలక్రమంలో అనేకులు కోలుకొంటున్నారని దీర్ఘకాల పరిశీలనలు చెప్పుచున్నవి.

కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్‌కు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. ఎవరైనా ప్రాణం తీసుకొంటానంటే బెదిరింపని తోసివేయక, ఒంటరిగా విడువక, వెంటనే వైద్యుని చెంతకు చేర్చండి.

సుగ్గికి పోయిన తల్లి తిరిగి వచ్చువరకు ఆ బిడ్డ మాట వినుటకు అవ్వయో, పంతులుగారో, పొరుగింటి పిన్నమ్మయో ఒక్కరున్నా ఎంతో మేలు. ఆ ఒక్కరు మనమే కావచ్చును.