విత్తన వనాలు – అడవుల పునరుద్ధరణ
(ప్రసంగ పాఠం)



అడవుల పునరుద్ధరణను గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా ఎన్ని లక్షల మొక్కలు నాటారు, ఎన్ని హెక్టార్లలో నాటారు అనే ప్రశ్నలే ముందుకు వస్తాయి. ఆ మొక్కలు ఏ చెట్టు విత్తనం నుండి పుట్టినవి, ఆ చెట్టు ఏ అడవిలో పెరిగినది అనే ప్రశ్న అరుదుగా వినవస్తుంది. వరి రైతు విత్తనం కొనేటప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలు విచారించకుండా కొనడు. విత్తనం చెడితే అతడు నష్టపోయేది ఒక పంట మాత్రమే. మరుసటి ఏడు దిద్దుకొనవచ్చును. అడవి విషయంలో అటువంటి వెసులుబాటు లేదు. నాటిన ఇరవై ఏళ్లకు గాని విత్తనంలోని లోపం బయటపడదు. అప్పటికి ఒక తరం గడచిపోతుంది.

ఈ సత్యాన్ని మన దేశానికి మొట్టమొదట బోధించిన వృక్షం టేకు అని చెప్పవచ్చును. మలబారు కలెక్టరుగా ఉండిన కనోలీ 1840 దశకంలో కేరళలోని నిలంబూరు ప్రాంతంలో టేకు తోటలు వేయడానికి పూనుకొన్నప్పుడు, విత్తనం మొలకెత్తకపోవడమే పెద్ద చిక్కుగా పరిణమించింది. ఎన్నో ప్రయత్నాలు విఫలమైన పిమ్మట, చాతు మేనోన్ అనే స్థానిక అధికారి దీక్షవల్ల మొలకలు సాధ్యమయ్యాయి. 1846 నాటి తోటలో మిగిలిన కొన్ని మహావృక్షాలు చాలియార్ నది ఒడ్డున నేటికీ నిలిచి ఉన్నాయి.

విత్తనాన్ని మొలిపించడం ఆ విధంగా నేర్చుకొన్నప్పటికీ, విత్తనాన్ని ఎంపిక చేయడం నేర్చుకొనడానికి మరొక శతాబ్దం పట్టింది. చాలాకాలం వరకు చేతికి అందిన చెట్టు నుండే కాయలు ఏరడం జరిగింది. పొట్టిగా, కొమ్మలు విచ్చలవిడిగా సాగిన చెట్టు కింద కాయలు పుష్కలంగా దొరుకుతాయి. నిటారుగా పెరిగిన మేలైన చెట్టు అంతకుముందే కోత మిల్లుకు చేరి ఉంటుంది. మంచి చెట్టు రంపానికి, వంకర చెట్టు విత్తనానికి అన్నట్లు సాగిన ఈ పద్ధతివల్ల తరతరానికి అడవి గుణం దిగజారే ప్రమాదం ఏర్పడింది.

ఈ దోషాన్ని సరిదిద్దడానికి ఎంపిక, ప్రజననం ద్వారా టేకును అభివృద్ధి చేసే పథకాన్ని కేదార్‌నాథ్, మాథ్యూస్ అనే శాస్త్రజ్ఞులు 1962లో ప్రతిపాదించారు. 1965లో థాయిలాండ్ ఉత్తర భాగాన డెన్మార్క్ సహకారంతో టేకు అభివృద్ధి కేంద్రం ఒకటి వెలసింది. 1970 దశకంలో హైదరాబాదు కేంద్రంగా భారత–డెన్మార్క్ విత్తన సేకరణ, వృక్షాభివృద్ధి పథకం పనిచేసింది. ఈ కృషి ఫలితంగా అనేక రాష్ట్రాలలో విత్తన వనాలు రూపుదిద్దుకొన్నాయి.

విత్తన వనం అంటే ఏమిటి? అది కలప కోసం పెంచే తోట కాదు. మేలైన విత్తనాన్ని మిక్కుటంగా, సులభంగా సేకరించడానికి వీలుగా పెంచే తోట. మొదట అడవులలో తిరిగి, నిటారుగా, ఆరోగ్యంగా పెరిగిన ఉత్తమ వృక్షాలను గుర్తిస్తారు. వాటి మొగ్గలు తెచ్చి, నారుమొక్కల వేళ్ల మీద అంటుకట్టి, ఒకచోట నాటుతారు. ఒక తల్లిచెట్టు నుండి వచ్చిన అంటుమొక్కలన్నీ ఒక క్లోను. ఇటువంటి క్లోనులు అనేకం కలిస్తే క్లోను విత్తన వనం అవుతుంది. అంటుమొక్కలకు బదులు ఎంపిక చేసిన తల్లిచెట్ల గింజల నుండి పుట్టిన మొక్కలను పెంచి, వాటిలో బలహీనమైనవాటిని క్రమంగా తొలగిస్తూ పోయే పద్ధతి కూడా ఉన్నది.

నాటడంతో పని పూర్తి కాదు. అసలైన పని అక్కడ నుండియే ఆరంభమవుతుంది. టేకు పువ్వు ఒక్కరోజు మాత్రమే వికసించి ఉంటుంది. అది చాలావరకు తన పుప్పొడిని తాను స్వీకరించదు. పరాయి చెట్టు పుప్పొడి చిన్న చిన్న తేనెటీగల ద్వారా అందవలసి ఉన్నది. వేలాది పువ్వులు పూచినా, నూటికి ఒకటి రెండు మాత్రమే కాయలుగా మారడం సర్వసాధారణం. అదే పరాగ సంపర్కం చేతితో జరిపినప్పుడు ఎన్నో రెట్లు అధికంగా కాయలు పట్టినట్లు పరిశోధనలలో తేలింది. అనగా లోపం చెట్టుది మాత్రమే కాదు, ఏర్పాటుది కూడా.

అందుచేత వన నిర్వహణలో కొన్ని నియమాలు అవశ్యం పాటించాలి. ఒకే క్లోనుకు చెందిన చెట్లు పక్కపక్కన ఉండరాదు. నాసిరకం టేకు తోటల పుప్పొడి వచ్చి చేరకుండా విత్తన వనం వాటికి దూరంగా ఉండాలి. కొమ్మలన్నిటికీ ఎండ తగిలేటట్లు చెట్ల మధ్య చాలినంత ఎడం కావాలి. వానాకాలంలో పూతదశలో పురుగుమందులు చల్లితే తేనెటీగలే నశిస్తాయి గనుక, ఆకుతినే పురుగుల నివారణ ఆ కాలానికి ముందో వెనుకో జరగాలి. అన్నిటినీ మించి, ఒకే కాలంలో పూచే క్లోనులను ఎన్నుకొనాలి. దక్షిణాది నుండి ఒకటి, మధ్య భారతం నుండి ఒకటి తెచ్చి పక్కపక్కన నాటితే, ఒకటి పూత ముగించే వేళకు రెండవది మొదలుపెట్టవచ్చును. పొరుగున ఉన్నా అవి పరస్పరం ఉపయోగపడవు.

ఇక్కడ మరొక చిక్కు కూడా ఎదురవుతుంది. టేకులో పూగుత్తి కాండపు చివరనే పుడుతుంది. మొదటిసారి పూచినప్పుడు ఆ కొన ఆగిపోయి, చెట్టు పంగలుగా చీలుతుంది. అందువల్ల ఆలస్యంగా పూచే చెట్టుకే పొడవైన మాను లభిస్తుంది. కలప దృష్టితో అటువంటి చెట్లనే ఉత్తమమైనవిగా ఎంచి విత్తన వనంలో నాటారు. ఆలస్యంగా పూచే చెట్లు విత్తనం ఇవ్వడంలోనూ ఆలస్యం చేయడం సహజమే. మానులో మెచ్చిన గుణమే విత్తన వనంలో ఆటంకంగా నిలిచింది. అనేక విత్తన వనాలు ఆశించినంత దిగుబడి ఇవ్వకపోవడానికి గల కారణాలలో ఇదొకటి.

ఇక పునరుద్ధరణ విషయానికి వస్తే, ఇంతవరకు చెప్పినదానికి ఒక ముఖ్యమైన సవరణ అవసరం. కలప తోటకు కావలసినది ఒకే తీరున పెరిగే చెట్లు. క్షీణించిన అడవిని తిరిగి బతికించడానికి కావలసినది వైవిధ్యం. కరువు, తెగులు, కార్చిచ్చు, మారుతున్న వాతావరణం, వీటిలో ఏది ఎప్పుడు విరుచుకుపడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. నలుగురు తల్లుల సంతానం మాత్రమే ఉన్న అడవి ఒకే దెబ్బకు కూలవచ్చును. ఎందరో తల్లుల సంతానం ఉన్న అడవిలో కొన్నైనా తట్టుకొని నిలుస్తాయి. కాబట్టి పునరుద్ధరణ కోసం ఏర్పరచే విత్తన వనంలో తల్లిచెట్లు అధికంగా ఉండాలి. అవి ఒకదానికొకటి బంధుత్వం లేనివై ఉండాలి. పునరుద్ధరించదలచిన అడవి నేలను, వర్షపాతాన్ని పోలిన ప్రాంతం నుండి వచ్చినవై ఉండాలి.

సంఖ్య ఉన్నంత మాత్రాన వైవిధ్యం ఉన్నట్లు కాదు. ఒక వనంలో ముప్పై క్లోనులు ఉన్నాయనుకొందాం. ఆ ఏడు కాయలలో అధికభాగం అయిదు క్లోనుల నుండియే వచ్చి, అన్నిటినీ ఒకే గోనెసంచిలో పోస్తే, రికార్డులో ముప్పై తల్లులు ఉన్నా నేలలో మొలిచేది ప్రధానంగా అయిదుగురి సంతానమే. దీనికి పరిష్కారం ఖర్చుతో కూడినది కాదు. ఒక్కొక్క క్లోను కాయలను వేరువేరుగా ఏరి, తూచి, ఇంచుమించు సమానమైన పాళ్లలో కలపాలి. సంచికి కట్టే చీటీ మీద వనం పేరు, సేకరించిన సంవత్సరం, తల్లుల సంఖ్య రాయాలి. ఆ చీటీ నర్సరీ వరకు, అక్కడి నుండి నాటిన చోటు వరకు వెంట వెళ్లాలి. విత్తన వనం మీద పెట్టిన శ్రమ అంతా ఒక్క చీటీ పోవడంతో వ్యర్థం కాగలదు.

పని చేసే చేతులను విస్మరించరాదు. టేకు కాయలు శీతాకాలం మొదలుకొని రాలుతాయి. వేసవి మంటలు రాకముందే నేలను శుభ్రపరచి, మంటలను అడ్డుకొనే ఖాళీ బాటలు తీసి, కాయలు ఏరడం జరగాలి. ఈ పని చాలాచోట్ల గిరిజన స్త్రీల చేతుల మీదుగా సాగుతున్నది. ఒక్కొక్క కాయలో నాలుగు గదులున్నా, గింజలు ఉండేవి సాధారణంగా ఒకటి రెండే. కొన్నిటిలో అసలే ఉండవు. కాయలను రాత్రి నీళ్లలో నానబెట్టి, పగలు ఎండబెట్టి, ఇలా కొన్ని రోజులు చేస్తేనే మొలక సజావుగా వస్తుంది. ఏరినవారికి బరువును బట్టి మాత్రమే కూలి చెల్లిస్తే, కాయలు విస్తారంగా రాలిన చెట్ల కిందనే వారు ఏరడం సహజం. ఎక్కువ చెట్ల నుండి ఏరినందుకు విడిగా ప్రతిఫలం ఉన్నప్పుడే వైవిధ్యం సంచిలోకి చేరుతుంది.

టేకుతో మాత్రమే అడవి కాదు. నల్లమద్ది, ఏగిస, ఇప్ప, తునికి వంటివన్నీ కలిస్తేనే అది అడవి. ప్రతి జాతికీ క్లోను విత్తన వనం నిర్మించడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. సహజారణ్యంలో మేలైన గుంపులను గుర్తించి, నాసిరకం చెట్లను తగుమాత్రంగా తొలగించి, విత్తనం కోసం రక్షించుకొనడం అనేక జాతులకు చాలును. కడప, చిత్తూరు ప్రాంతపు కొండలలోను, వాటి చుట్టుపక్కల మాత్రమే సహజంగా పెరిగే ఎర్రచందనం వంటి జాతికి అటువంటి రక్షణ మరింత అవసరం. ఆ తల్లిచెట్లు పోతే బయటి నుండి తెచ్చుకొనడానికి మరొక జన్మస్థానం లేదు.

2030 నాటికి 2 కోట్ల 60 లక్షల హెక్టార్ల క్షీణించిన భూమిని పునరుద్ధరించాలని భారతదేశం 2019లో సంకల్పించింది. ఇంతటి మహాకార్యానికి విత్తనం ఏ ఒక్క రాష్ట్రం నుండియో లభించేది కాదు. గోదావరి పరీవాహక ప్రాంతాన్నే తీసుకొంటే, చంద్రపూర్, గడ్చిరోలి, బస్తరు, ఆదిలాబాదు, పాపికొండల అడవులు నాలుగు రాష్ట్రాలలో ఉన్నాయి. ఆ అడవుల టేకుకు రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. వాన, నేల, ఎత్తు మాత్రమే తెలుసు. విత్తన మండలాలను రాష్ట్ర పటాలను బట్టి గాక ప్రకృతిని బట్టి నిర్ణయించి, ఒక రాష్ట్రపు విత్తన వనం పొరుగు రాష్ట్రపు అడవికి తోడ్పడేటట్లు చూడాలి. సమైక్యత సభలలో చెప్పుకొనే మాటగా మిగలక, ఒక విత్తన సంచి రూపంలో సరిహద్దు దాటగలదనడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ ఉండదు.

విత్తన వనం నాటినవారు దాని ఫలాన్ని తాము చూడకపోవచ్చును. అంటుకట్టిన మొక్క పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది; దాని గింజ అడవిగా నిలవడానికి ఒక తరం పడుతుంది. కనోలీ కాలంలో నాటిన చెట్ల కింద నేడు పసిపిల్లలు ఆడుకొంటున్నారు. నేడు నర్సరీలో చీటీ కట్టిన ఒక్కొక్క సంచి గురించి రేపటి పిల్లలు అదే రీతిని చెప్పుకొనగలగాలి. అందుకు కావలసినది కొత్త ఆర్భాటం కాదు; ఏ చెట్టు విత్తనం ఏ నేలకు వెళ్లిందో మరువని శ్రద్ధ.