ఉత్తరం ఎవరి దగ్గర ఆగింది?

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు మన శాఖ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం 1982 నాటి సుప్రీంకోర్టు తీర్పును తలుచుకుంటాం. పెన్షను దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని చెప్పిన తీర్పు అది. డి.ఎ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "ఓ పావుగంట సాహిత్యం మీద మాట్లాడండి" అన్నారు. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. సర్వీసులో సగానికి పైగా టపా సెక్షనులో, ఇన్వార్డు, డిస్పాచి రిజిస్టర్ల మధ్య గడిపినవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. అందుకు కారణం మా మనవరాలు.

అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర, "తాతయ్యా, రోమియో, జూలియట్ల చావుకి బాధ్యులెవరు? పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్నట" అంది. "ఎంక్వయిరీ చేసి రిపోర్టు ఇస్తానమ్మా" అని నవ్వేశాను. కానీ ప్రశ్న నన్ను వదల్లేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని నెల్లాళ్ళపాటు ఆ నాటకం చదివాను. ఇదిగో, నా రిపోర్టు ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

ముందుగా సంగతి క్లుప్తంగా మనవి చేస్తాను. ఇటలీ దేశంలో వెరోనా పట్టణం. కాపులెట్, మాంటేగ్యూ అని రెండు గొప్ప కుటుంబాలు. వాటి మధ్య పాత పగ. ఆ పగ ఎందుకొచ్చిందో నాటకం మొత్తంలో ఎక్కడా చెప్పరు. మొదటి కాగితం పోయిన ఫైలు లాంటిది. తరాల తరబడి నడుస్తూనే ఉంటుంది. కాపులెట్ల అమ్మాయి జూలియట్, మాంటేగ్యూల అబ్బాయి రోమియో ఆదివారం రాత్రి విందులో కలుసుకున్నారు. సోమవారం లారెన్స్ అనే సన్యాసి వాళ్ళకి రహస్యంగా పెళ్ళి చేశాడు. ఆ రోజే వీధి కొట్లాటలో రోమియో స్నేహితుడు మెర్క్యూషియోను జూలియట్ బంధువు టిబాల్ట్ చంపాడు. రోమియో టిబాల్ట్‌ను చంపాడు. రాజుగారు రోమియోను ఊరునుంచి వెళ్ళగొట్టారు. ఇటు తండ్రి జూలియట్‌ను పారిస్ అనే దొరబిడ్డకు ఇస్తానని ముహూర్తం పెట్టేశాడు. పెళ్ళి తప్పించడానికి సన్యాసి ఆమెకు ఒక మందు ఇచ్చాడు. తాగితే నలభైరెండు గంటలు చనిపోయినట్టు పడి ఉంటుంది. ఈలోగా రోమియోకు ఉత్తరం రాస్తే వచ్చి తీసుకుపోతాడు. ఆ ఉత్తరం అందలేదు. జూలియట్ నిజంగానే చనిపోయిందనుకుని రోమియో, అతణ్ణి చూసి జూలియట్ ప్రాణాలు తీసుకున్నారు.

షేక్స్పియర్ ఈ కథను తాను పుట్టించలేదు. ఇటలీలో ముందునుంచీ ఉన్న కథే. ఆర్థర్ బ్రూక్ అనే ఆయన 1562లో ఇంగ్లీషు పద్యకావ్యంగా రాశాడు. దాని ఆధారంగా షేక్స్పియర్ 1595 ప్రాంతంలో నాటకం కట్టాడు. బ్రూక్ కథ నెలల తరబడి నడుస్తుంది. షేక్స్పియర్ అయిదు రోజుల్లో ముగించేశాడు. బ్రూక్ దగ్గర పదహారేళ్ళ పిల్లను ఈయన ఇంకా పద్నాలుగు నిండని పిల్లను చేశాడు. ఈ రెండు మార్పులూ మీరు గుర్తుంచుకోవాలి.

ఇక ఎంక్వయిరీ. మన ఆఫీసుల్లో ఏదైనా తప్పు జరిగితే మొదటి మెమో ఎవరికి వెళుతుందో మీకు తెలుసు. అటెండరుకి. ఇక్కడా అంతే. ఉత్తరం పట్టుకుని బయలుదేరిన జాన్ అనే చిన్న సన్యాసి మీదకే అందరి చూపూ పోతుంది. ఆయన సంజాయిషీ వినండి. తోడుకోసం ఇంకో సన్యాసిని వెతుక్కుంటూ, రోగులున్న ఒక ఇంటికి వెళ్ళాడు. ఆ ఇంట్లో మహమ్మారి ఉందని అనుమానించి పట్టణపు ఆరోగ్య అధికారులు తలుపులు మూసి సీలు వేశారు. ఆయన బయటికి రాలేకపోయాడు. భయంతో ఉత్తరం తీసుకెళ్ళేవాడు కూడా దొరకలేదు. 2020లో మన వీధుల మొదట్లో వెదురు బొంగులు అడ్డం కట్టిన రోజులు చూసినవాళ్ళం. ఆయన్ని మనం తప్పుపట్టలేం. సంజాయిషీ తృప్తికరం. చర్య అవసరం లేదు.

మందుల అంగడివాడు విషం అమ్మాడు. ఆ ఊళ్ళో అది మరణశిక్ష పడే నేరం. తిండికి గతిలేక అమ్మాడు. తప్పే. కానీ అతను లేకపోతే అసలు గొడవ లేకపోయేదా? లేదు.

సేవకుడు బాల్తజార్ చెడువార్తను గుర్రంమీద పరుగున చేరవేశాడు. సన్యాసి నుంచి ఉత్తరాలేమైనా ఉన్నాయా అని రోమియో అతణ్ణి రెండుసార్లు అడుగుతాడు. లేవంటాడు. టపాలో పనిచేసినవాడిగా ఆ చోట నా గుండె కలుక్కుమంది. చెడువార్తకు కవరూ అక్కర్లేదు, నంబరూ అక్కర్లేదు. మంచివార్తే దారిలో ఆగిపోతుంది.

పెద్దసన్యాసి లారెన్స్ ఉద్దేశం మంచిదే. ఈ పెళ్ళితో రెండు కుటుంబాలూ కలుస్తాయని ఆశపడ్డాడు. కలపాలనుకున్నవాడు వాళ్ళకే చెప్పకుండా దాచాడు. పిల్లలకు ధైర్యం చెప్పాడు గానీ, తండ్రి ఎదుటికి వెళ్ళి "అయ్యా, నేనే చేశాను ఈ పెళ్ళి" అనే ధైర్యం తాను చేయలేదు. చివరికి సమాధిలో కావలివాళ్ళ అడుగులు వినపడగానే పిల్లను వదిలేసి వెళ్ళిపోయాడు. ఈయనకు గట్టి మెమోయే ఇవ్వాలి.

మరి పిల్లల తప్పు లేదా? బ్రూక్ అయితే తన పుస్తకం ముందుమాటలో నేరమంతా పిల్లల మీదే వేశాడు. తల్లిదండ్రుల మాట కాదన్నందుకు, పనికిమాలినవాళ్ళ సలహా విన్నందుకు తగిన శాస్తి జరిగిందన్నట్టు రాశాడు. మనలో చాలామంది అనే మాట కూడా అదే. రోమియో తొందరపాటు మనిషే. కత్తి దూశాడు, ఒక్కరోజు ఆగి విచారించలేదు. కాదనను. కానీ షేక్స్పియర్ ఆ పిల్ల వయసు ఎందుకు తగ్గించాడు? పదమూడేళ్ళ పిల్లను బోనులో నిలబెట్టి, ముసలివాళ్ళం మనం జడ్జీలుగా కూర్చోవడం ఎంత అన్యాయమో మనకే తెలియాలని, నాకు అనిపిస్తుంది.

తలరాత అనేవారూ ఉన్నారు. నాటకం మొదట్లో నక్షత్రాల మాట వస్తుంది కూడా. అయితే తలరాతకు మెమో ఇస్తే జవాబు రాదు. అందుకే అందరం దానిమీదికి తోసేస్తాం.

ఇక తండ్రి కాపులెట్. ఆయన దుర్మార్గుడు కాడు. మొదట పారిస్ వచ్చి అడిగినప్పుడు, పిల్ల చిన్నది, రెండేళ్ళు ఆగు, ముందు దాని మనసు తెలుసుకో, దాని ఇష్టంలో నా ఇష్టం అన్నాడు. ఎంత మంచి మాట! మంగళవారం నాటికి ఆ మనిషే మారిపోయాడు. పిల్ల పెళ్ళి వద్దంటే, వీధిలో అడుక్కుతిను, చావు, నువ్వు నా కూతురివే కాదు అన్నాడు. అప్పుడు జూలియట్ తల్లి కాళ్ళావేళ్ళా పడింది. ఏమని? ఈ పెళ్ళి ఒక నెల వాయిదా వేయమ్మా, కనీసం ఒక వారం వేయమ్మా అని. అంతే అడిగింది. తల్లి, నాతో మాట్లాడకు అని వెళ్ళిపోయింది. పెంచిన దాది కూడా పారిస్‌నే చేసుకోమంది. ఆ రోజుతో ఆ ఇంట్లో ఆ పిల్ల మాట వినే చెవి లేకుండా పోయింది.

అంతటితో ఆగలేదు. గురువారం అనుకున్న పెళ్ళిని తండ్రి ఉత్సాహంలో బుధవారానికి జరిపాడు. బుధవారం రాత్రి తాగాల్సిన మందు ఆ పిల్ల మంగళవారం రాత్రే తాగవలసి వచ్చింది. ఉత్తరానికి ఉన్న గడువులో ఒక రోజు తరిగిపోయింది. ఆ రోజు ఉంటే బతికేవారని నేను చెప్పలేను. కానీ మనమంతా గడువులతో బతికినవాళ్ళం. ఒక రోజు విలువ ఏమిటో మనకు తెలుసు.

చివర్లో రాజుగారు పెద్దలనే వేలెత్తి చూపిస్తారు. తాను కూడా ఈ గొడవలు చూసీచూడనట్టు ఊరుకున్నందుకు ఇద్దరు బంధువులను పోగొట్టుకున్నానని ఒప్పుకుంటారు. మెర్క్యూషియో, పారిస్ ఆయన చుట్టాలే. ఎంక్వయిరీ రిపోర్టులో తన పేరు తానే రాసుకున్న అధికారిని నేను అక్కడే చూశాను. ఇద్దరు తండ్రులూ చేతులు కలిపి, ఒకరి బిడ్డకు ఒకరు బంగారు విగ్రహం చేయిస్తామంటారు. వారం గడువు ఇవ్వలేని చేతులు బంగారం మాత్రం ఇవ్వగలిగాయి.

కాబట్టి నా తుది నివేదిక ఇది. తప్పులో అందరికీ వాటా ఉంది. బాధ్యత మాత్రం అధికారంతోపాటు నడుస్తుంది. ఎవరి మాటతో పెళ్ళి ఆగుతుందో, ఎవరి మాటతో గడువు పెరుగుతుందో వాళ్ళదే బాధ్యత. ఉత్తరం ఆగింది మహమ్మారి ఇంట్లో కాదు; అంతకుముందే కాపులెట్ ఇంట్లో ఆగింది. ఆ పిల్ల నోటితో చెప్పగలిగి ఉంటే ఉత్తరం అవసరమే ఉండేది కాదు.

ఇంతవరకు ఇతరుల మీద ఎంక్వయిరీ చేశాను. ఇప్పుడు నాది.

1979 డిసెంబరు 19న నాకు మా చెల్లెలి దగ్గరనుంచి ఒక ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. అప్పుడు నేను ఇంటికి దూరంగా వేరే జిల్లాలో గుమాస్తాగా ఉన్నాను. తనతో పనిచేసే ఒక టీచరును పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నానని, మన కులం కాదని, నాన్నగారి ఎదుట నోరు పెగలడం లేదని, "అన్నయ్యా, నువ్వొచ్చి ఒక్కసారి మాట్లాడు" అని రాసింది. నా టేబులు మీద ఏ కాగితమూ మూడు రోజులు దాటదని నాకు పేరుండేది. ఆ ఉత్తరం మాత్రం ముందు చొక్కా జేబులో, తర్వాత ట్రంకుపెట్టెలో ఇరవై అయిదు రోజులు ఉంది. సంక్రాంతికి ఎలాగూ వెళ్తాం కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నాన్నగారంటే నాకూ భయమే.

భోగి ముందురోజు ఇల్లు చేరేసరికి వేరే సంబంధానికి లగ్నపత్రిక రాసుకోవడం, అది తెలిసి చెల్లెలు ఇల్లు వదిలి వెళ్ళడం, రెండూ అయిపోయాయి. రిజిస్టరు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. నాన్నగారు 1991లో పోయేవరకు ఆమె ముఖం చూడలేదు. పదో రోజున ఆమె నన్ను పెరట్లోకి పిలిచి, "అన్నయ్యా, ఆ ఉత్తరం నీకు అందలేదు కదూ?" అంది. పదకొండేళ్ళు ఆమె పోస్టులో పోయిందనే అనుకుంది. నేను కూడా అనుకోనిచ్చాను. ఆ రోజు మాత్రం "అందిందమ్మా" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇంటికెళ్ళి అన్నం తిను" అని వెళ్ళిపోయింది.

మా చెల్లెలు బతికే ఉంది, పిల్లాపాపలతో ఉంది. ఆమె అనుమతితోనే ఇది చెబుతున్నాను. ఆమె బతికింది నా మంచితనం వల్ల కాదు, ఆమె ధైర్యం వల్ల. అందరు పిల్లలకూ అంత ధైర్యం ఉండదు. పేపరు తీస్తే అలాంటి వార్తలు నేటికీ చూస్తూనే ఉన్నాం. కొందరు తామే పోతున్నారు, కొందరిని కన్నవాళ్ళే పొట్టన పెట్టుకుంటున్నారు.

చట్టం తన పని తాను చేసింది. కులమతాలతో నిమిత్తం లేకుండా పెళ్ళి చేసుకోవడానికి 1954లోనే ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది. మేజర్లయిన ఇద్దరు ఒకరినొకరు ఎంచుకుంటే కుటుంబం, కులం అనుమతి అవసరం లేదని, అలాంటి జంటలకు రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు 2018 మార్చిలో స్పష్టంగా చెప్పింది. కానీ చట్టం గుమ్మం దగ్గరికే వస్తుంది. గుమ్మం లోపల ఉండేది మనమే.

పిల్లలు అడిగిన ప్రతిదానికీ ఊ కొట్టమని నేను అనడం లేదు. పదమూడేళ్ళ జూలియట్ మన ఇంట్లో ఉంటే, వద్దు తల్లీ, చదువుకో అనే చెప్పాలి. కాదనే హక్కు పెద్దలకు ఉంది. వినకుండా కాదనే హక్కు లేదు. వాళ్ళు చెప్పేది పూర్తిగా వినండి. గడువు అడిగితే ఇవ్వండి. ఇంట్లోంచి పో అనే మాట కోపంలో కూడా అనకండి. కొడుకూ కోడలూ కోపంగా ఉంటే మధ్యలో మనం కూర్చుందాం. రిటైరైనవాళ్ళం, మనకు తీరికకు కొదవలేదు. పిల్ల బాగా దిగులుగా ఉండి, మాటలు తేడాగా ఉంటే ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మీ డైరీలో, పెన్షన్ పుస్తకం పక్కనే రాసుకోండి.

మా మనవరాలికి ఈ రిపోర్టు అంతా చదివి వినిపించాను. "పరీక్షలో ఇది రాస్తే మార్కులు వేయరేమో తాతయ్యా" అంది. కాస్త ఆగి, "నేనెప్పుడైనా నీకు ఉత్తరం రాస్తే ఎన్నాళ్ళకి జవాబిస్తావు?" అని అడిగింది.

"అదే రోజు తిరుగుటపాలో" అన్నాను.

ఆ మాట నిలబెట్టుకునే ఆయుష్షు భగవంతుడు ఇవ్వాలని కోరుకుంటున్నాను.